ఒక్కటి రెండుగా కనబడినచో: దోషము కంటిదా? మెదడుదా?

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలందురు. అందుచేతనే కంటికి ఏ చిన్న బాధ కలిగినను మన ఇండ్లలో వెంటనే వైద్యము ప్రారంభమగును. కన్ను ఎర్రబడినచో త్రిఫల నీటితో కడుగుదురు. మంట పుట్టినచో నందివర్ధనము పూలను రెప్పలపై పెట్టుకొందురు. ఇవి చిన్న బాధలకు చిన్న ఉపశమనములు, తప్పులేదు. కాని కంటిలో కనబడుచు, కంటికి సంబంధింపని వ్యాధి ఒకటి కలదు. హఠాత్తుగా ఒక వస్తువు రెండుగా కనబడుట, ఒక కన్ను ప్రక్కకు తిరిగిపోవుట, రెప్ప వాలిపోవుట దాని లక్షణములు. దీనికి ఏ అంజనము వాడవలెనని, ఏ ఆకు పసరు వేయవలెనని నన్ను అడుగువారు నేటికిని ఉన్నారు. అంజనము వెదకుటలో గడచిన ఆ పూటయే కొందరి ప్రాణము మీదికి తెచ్చును. కనుక ఈ విషయమును కొంత విపులముగ వివరింపదలచితిని.

శాస్త్రము ఏమి చెప్పినది?

నేను ధర్మపురిలో గోదావరి ఒడ్డున గురువుగారి సన్నిధిని శాస్త్రము చదివినవాడను. సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను వర్ణించిరి. దోషము దృష్టి మధ్యమున చేరినపుడు ఒకే వస్తువు రెండుగా తోచునని తిమిర రోగ ప్రకరణమున చెప్పిరి. కనురెప్ప కదలిక కోల్పోయి మూతపడని స్థితిని 'వాతహతవర్త్మము' అని పిలిచి, దానిని అసాధ్య రోగములలో చేర్చిరి. వాతము చెడి రెప్పను కొట్టినపుడు కంటిలో వేయు మందు పనిచేయదని ఆనాడే గ్రహించిరని దీని భావము.

గురువుగారు మాకు మొదట నేర్పినది ఔషధము కాదు, సాధ్యాసాధ్య వివేకము. ఏది మన చేతిలోనిది, ఏది కాదు అను నిర్ణయము జరిగిన తరువాతనే మందుల పెట్టె తెరువవలెనని వారి ఆదేశము. ఈ వ్యాసమునకు అదియే మూలసూత్రము.

ఒక కన్ను మూసి చూడుడు

ఒక్కటి రెండుగా కనబడుచున్నదని ఎవరైన చెప్పినపుడు చేయవలసిన మొదటి పరీక్షకు ఏ పరికరమును అక్కరలేదు. అరచేతితో ముందు కుడికన్ను మూసి ఎడమకంటితో చూడవలెను. పిమ్మట ఎడమకన్ను మూసి కుడికంటితో చూడవలెను.

ఒక కన్ను మూసినను మిగిలిన కంటికి రెండు బొమ్మలే కనబడుచున్నచో దోషము సాధారణముగ ఆ కంటిలోనే ఉండును. శుక్లము ముదురుట, అద్దముల పవరు సరిపోకపోవుట వంటివి దీనికి కారణములు. కంటి వైద్యులు దీనిని సరిచేయగలరు.

ఏ కన్ను మూసినను రెండు బొమ్మలు ఒక్కటియై, రెండు కండ్లు తెరచినపుడు మాత్రమే రెండుగా కనబడినచో సంగతి వేరు. అపుడు ఏ కంటి చూపుకును లోపము లేదు. రెండు కండ్లును ఒకే చోటికి గురిపెట్టలేకపోవుటయే దోషము. దాని మూలము కంటి కండరములలోగాని, వానిని నడుపు నాడులలోగాని, ఆ నాడులు పుట్టు మెదడు కాండములోగాని ఉండును. ఇది హఠాత్తుగా కలిగినచో అత్యవసరముగ భావింపవలెను.

కొన్నేండ్ల క్రిందట సిరిసిల్ల నుండి ఏబది ఏండ్ల నేత కార్మికుడొకడు కొడుకుతో నా వద్దకు వచ్చెను. "అయ్యా, తెల్లారంగ లేశి సాంచా కాడికి పోతె ఒక్క పోగు రెండు పోగులు కనవడుతున్నయి. నడుస్తుంటె గుడ ఒక దిక్కు తూలుతున్న" అనెను. "అద్దాలు మార్పిస్తె సరిపోతదా అయ్యా?" అని కొడుకు అడిగెను. "తమ్మీ, ఒక్కొక్క కన్ను మూసి నా వేలు చూడు" అంటిని. ఏ కన్ను మూసినను వేలు ఒక్కటే. నా వేలిని అతని ఎడమవైపునకు జరిపితిని. కుడికన్ను వెంట వచ్చెను గాని ఎడమకన్ను నడుమనే నిలిచిపోయెను. నవ్వుమనగా ముఖము ఎడమవైపు కదలలేదు. రెండు చేతులతో నా చేతులు పట్టుమనగా కుడిచేతి పట్టు సడలియుండెను. ఇక నేను నాడి చూచుచు కూర్చొనలేదు. "ఇది కంటి జబ్బు గాదు బిడ్డా, మెదడుది. బాపును ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపో" అని కొడుకుతో చెప్పి 108కు ఫోను చేయించితిని. మెదడు కాండమున ఎడమ భాగమునకు నెత్తురు అందకపోయినదని అక్కడి ఎం.ఆర్.ఐ. స్కానులో తేలినది.

ఎడమకన్ను, ఎడమ ముఖము, కుడిచేయి అను ఈ మూడును కలిసి దోష స్థానమును స్కాను కంటె ముందే చెప్పినవి. అదెట్లు సాధ్యమో తెలియుటకు కంటి కదలికల ఏర్పాటు కొంత తెలియవలెను.

రెండు ఎడ్లు, ఒక కాడి

ఒక్కొక్క కనుగ్రుడ్డును ఆరు కండరములు ఆరు పగ్గములవలె పట్టుకొనియుండును. పైరెప్పను ఎత్తుటకు మరియొక కండరము కలదు. ఈ పగ్గములను లాగునవి మూడు జతల కపాల నాడులు. మూడవ నాడి కన్నును లోనికి, పైకి, క్రిందికి త్రిప్పును, రెప్పను ఎత్తును, కంటిపాపను చిన్నదిగ చేయును. నాలుగవ నాడి ముక్కువైపు తిరిగిన కన్నును క్రిందికి దించును. మెట్లు దిగుటకు, పుస్తకము చదువుటకు దీని సాయము కావలెను. ఆరవ నాడి కన్నును చెవివైపునకు లాగును.

మన రెండు కండ్లు ఒకే కాడికి కట్టిన ఎడ్ల వంటివి. ఎడమకు చూడదలచినపుడు ఎడమకన్ను చెవివైపునకు, కుడికన్ను ముక్కువైపునకు ఒకే క్షణమున తిరుగవలెను. ఒక ఎద్దు నిలిచిపోయినచో బండి ఎట్లు ప్రక్కకు పోవునో, ఒక కన్ను వెనుకబడినచో బొమ్మ అట్లు రెండగును. ఈ జంటను నడుపువాడు మెదడు కాండమున కూర్చొనియున్నాడు.

మెదడు కాండము పెద్దమెదడును వెన్నుపాముతో కలుపు భాగము. ఇంగ్లీషు వైద్యులు దీనిని బ్రెయిన్‌స్టెమ్ అందురు. బొటనవ్రేలంత మందము, సుమారు 3 అంగుళముల పొడవు గల ఈ చిన్న భాగమున పై అంతస్తు మధ్యమెదడు, నడిమి అంతస్తు పాన్స్, క్రింది అంతస్తు మజ్జాముఖము. మూడవ, నాలుగవ నాడుల కేంద్రములు మధ్యమెదడులో, ఆరవ నాడి కేంద్రము పాన్స్‌లో ఉన్నవి. రెండు కండ్లను జతగ నడుపుటకై ఆరవ నాడి కేంద్రము నుండి ఎదుటివైపు మూడవ నాడి కేంద్రమునకు ఒక నాడీతంతువుల కట్ట పోవుచున్నది. కాడి అనదగినది ఇదియే. మ్రింగుట, ఊపిరి, గుండె లయ, స్పృహ అనువాని కేంద్రములును ఈ ఇరుకు చోటనే ఉన్నవి. అందువలన ఇచటి గాయము చిన్నదైనను ప్రమాదము పెద్దది.

దోష స్థానమును కన్ను ఎట్లు చెప్పును?

చేతులకు, కాళ్ళకు పోవు నాడీమార్గములు మెదడు కాండము గుండ క్రిందికి దిగి, మజ్జాముఖమున ఎదుటి ప్రక్కకు దాటును. కంటి నాడులు చాలవరకు పుట్టిన ప్రక్ననే బయలుదేరును. కాబట్టి మెదడు కాండమున ఒక ప్రక్క దెబ్బతగిలినచో అదే ప్రక్క కన్నుగాని ముఖముగాని, ఎదుటి ప్రక్క కాలుచేతులు చెడును. ఇట్టి 'అడ్డము మారిన' లక్షణము మెదడు కాండమునకు గట్టి గుర్తు.

రెప్ప వాలి, కన్ను బయటకు తిరిగి, ఎదుటి ప్రక్క కాలుచేతులు పడిపోయినచో మధ్యమెదడు దెబ్బతిన్నట్లు. లండనులో స్థిరపడిన జర్మను దేశీయుడగు హెర్మన్ వెబర్ 1863లో దీనిని వర్ణించెను. నేటికిని ఇది ఆయన పేరుననే పిలువబడుచున్నది.

కన్ను చెవివైపునకు పోక, అదే వైపు ముఖము వంకరపోయి, ఎదుటివైపు కాలుచేతులు బలహీనపడినచో పాన్స్ దెబ్బతిన్నట్లు. సిరిసిల్ల కార్మికుని స్థితి ఇదియే.

రెండు కండ్లును కలిసి ఒక ప్రక్కకు చూడలేకపోవుటయు కలదు. పెద్దమెదడులో దోషమున్నచో కండ్లు దోషమున్న వైపునకు తిరిగియుండును. పాన్స్‌లో ఉన్నచో దోషమునకు దూరముగ, పడిపోయిన కాలుచేతుల వైపునకు తిరిగియుండును.

కాడి వంటి నాడీకట్ట మాత్రమే తెగినచో, ప్రక్కకు చూచినపుడు ఒక కన్ను ముక్కువైపునకు రాదు. బయటకు పోయిన రెండవ కన్ను వణకుచుండును. వృద్ధులలో దీనికి నెత్తురు అందకపోవుట ముఖ్య కారణము. యువతీయువకులలో నాడుల పైపొర చెడు మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధిని అనుమానింపవలెను. ఈ కట్టతోపాటు ప్రక్కచూపు కేంద్రమును చెడినచో ఒక కన్ను ఎటును పోదు. రెండవది బయటకు మాత్రమే పోవును. మిల్లర్ ఫిషర్ అను వైద్యుడు 1967లో దీనికి 'ఒకటిన్నర' అని పేరిడెను. ఇటు ఒక పూర్తి చూపు, అటు సగము చూపు పోయినవని లెక్క.

రెండు కండ్లును పైకి చూడలేకపోయినచో మధ్యమెదడు వెనుక భాగమును పరీక్షింపవలెను. పసిబిడ్డ తల పెద్దదగుచు, నల్లగ్రుడ్లు క్రుంకు సూర్యునివలె క్రిందికి దిగియున్నచో మెదడులో నీరు చేరినదేమోనని వెంటనే చూపవలెను.

నిర్ధారణ జరుగు విధము

నాడీ వైద్యుడు మొదట కాలమును అడుగును. లక్షణము క్షణములో వచ్చినచో రక్తనాళము పూడుటగాని చిట్లుటగాని కారణము కావచ్చును. వారములుగ ముదిరినచో గడ్డను అనుమానింపవలెను. మన దేశమున మెదడులో క్షయ గడ్డలు అరుదు కావు. సాయంకాలమునకు హెచ్చి, విశ్రాంతితో తగ్గినచో కండరముల బలహీనత కావచ్చును.

పిమ్మట తల కదల్పక వేలివెంట ఆరు దిక్కులకు కండ్లు త్రిప్పించును. టార్చిలైటుతో కంటిపాపలను చూచును. ముఖము, నాలుక, మ్రింగుట, మాట, కాలుచేతుల బలము, నడక పరీక్షించును. తల తిరుగుడుతో వచ్చిన వానికి తలను చప్పున త్రిప్పి కండ్ల స్థిరతను చూచును. ఒక్కొక్క కన్నును మార్చిమార్చి మూసి, ఒకటి పైకి ఒకటి క్రిందికి జరుగునేమో గమనించును. శిక్షణ పొందిన వైద్యుని చేతిలో ఈ పరీక్ష తొలి గంటల స్కాను కంటె కూడ నమ్మదగినది కావచ్చును.

తరువాత రక్తపోటు, చక్కెర, స్కాను. సి.టి. స్కాను త్వరగా అగును. నెత్తురు చిట్లినదా లేదా అన్నది స్పష్టముగ చెప్పును. కాని మెదడు కాండము చుట్టును దట్టమైన ఎముక ఉండుటచే అచటి చిన్న పూడికలు సి.టి.లో తరచు కనబడవు. అందుకు ఎం.ఆర్.ఐ. మేలు. తొలి ఒకటి రెండు దినములలో అదియును చిన్న మచ్చను పట్టలేకపోవచ్చును. కాబట్టి 'స్కానులో ఏమియు లేదన్నారు' అని ఇంటికి వచ్చి ఊరకుండరాదు. లక్షణము నిలిచియున్నంతవరకు వైద్యుని పర్యవేక్షణలోనే ఉండవలెను.

మెదడు కాండమును పోలిన ఇతర ఆపదలు

కట్లపాము కాటు: వానకాలమున నేలపై పడుకొన్నవారు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెండు రెప్పలును వాలి, మాట ముద్దగ వచ్చి, మ్రింగలేకపోయినచో గాటు కనబడకున్నను పాముకాటును అనుమానింపవలెను. ఈ పాము కాటునకు నొప్పి, వాపు అంతగ ఉండవు. ఆదిలాబాదు అడవి పల్లెలవారు, ప్రత్తిచేల కాపరులు దీనిని మరువరాదు. విషము నాడికిని కండరమునకును నడుమ అడ్డుపడి, కొన్ని గంటలలో ఊపిరిని ఆపును. మంత్రము, వేరు కట్టుట అని ఆలస్యము చేయక విషవిరుగుడు సూది, కృత్రిమ శ్వాస గల ఆసుపత్రికి చేర్చవలెను.

మధుమేహము: చిన్న రక్తనాళములు చెడి ఒక కంటి నాడి పడిపోవచ్చును. ఇందు కంటిపాప సాధారణముగ మామూలుగనే ఉండును. పెక్కుమందికి సుమారు 3 నెలలలో నయమగును. కాని రెప్ప వాలి, కంటిపాప పెద్దదై, తీవ్రమైన తలనొప్పి ఉన్నచో మెదడు ధమని ఉబ్బి నాడిని నొక్కుచున్నట్లు అనుమానింపవలెను. అది ఏ క్షణమైనను చిట్లవచ్చును.

బి-1 విటమిను లోపము: ఏండ్ల తరబడి గుడుంబా, సారా త్రాగి అన్నము మానినవారికి, అదుపులేని వాంతులతో క్షీణించిన గర్భిణులకు కండ్లు కదలక, నడక తూలి, మతి తప్పవచ్చును. కార్ల్ వెర్నికె 1881లో దీనిని వర్ణించెను. వెంటనే బి-1 సూది ఇచ్చినచో కండ్ల కదలిక త్వరగా తిరిగి వచ్చును. ఆలస్యమైనచో జ్ఞాపకశక్తి శాశ్వతముగ పోవచ్చును.

ఇంటివారు చేయవలసినది, చేయకూడనిది

నెత్తురు గడ్డను కరగించు సూది లక్షణము మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. నిద్రలేచునప్పటికే లక్షణమున్నచో, రోగి చివరిసారి బాగున్న సమయము నుండి లెక్కింతురు. ఆ సమయమును కాగితముపై వ్రాసి తీసికొనిపోవుడు. మెదడు కాండమునకు నెత్తురు తెచ్చు పెద్ద ధమని పూడినచో, గొట్టము ద్వారా గడ్డను బయటకు లాగు చికిత్స కొందరికి 24 గంటలలోపల కూడ మేలు చేయునని 2022లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి.

కరీంనగర్ నుండి హైదరాబాదు సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదు నుండి సుమారు 300. ఆదిలాబాదు నుండి నాగపూరు సుమారు 200. దారిలోనే కాలము కరిగిపోవును. కనుక రాత్రివేళ కూడ స్కాను, గడ్డ కరగించు సూది మీకు దగ్గరగ ఎక్కడ లభించునో ఇంటిలో అందరు బాగున్నపుడే విచారించి ఉంచుకొనుడు. ఆపద వచ్చినపుడు 108కు ఫోను చేయుడు.

రోగికి నోటిద్వారా ఏమియు ఈయకుడు. ఇది గృహవైద్యము నమ్మిన మన ఇండ్లకు ముఖ్యమైన మాట. కషాయము, తేనె, పాలు, చివరకు మంచినీరు కూడ వద్దు. మ్రింగు నాడులు చెడినవారికి అవి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలవు. ఆస్పిరిన్ బిళ్ళ, రక్తపోటు బిళ్ళ సొంతముగ వేయరాదు. చిట్లినదో పూడినదో స్కాను తేల్చువరకు ఎవరికిని తెలియదు. కంటిలో పసరు, చనుబాలు, అంజనము వేయరాదు. పావురము నెత్తురు రుద్దుట, గాలి సోకినదని తాయెత్తునకై తిరుగుట కాలహరణము.

2018లోను 2023లోను జరిగిన కంటి వెలుగు శిబిరములలో ఎందరో అద్దములు పొందిరి, మంచిదే. కాని హఠాత్తుగా రెండుగా కనబడినవారు తదుపరి శిబిరమునకై ఎదురుచూడరాదు. దానికి మందు అద్దములలో లేదు.

ఆపద దాటిన పిమ్మట

కండ్ల కదలిక వారములు, నెలలలో కొంతగాని పూర్తిగాగాని తిరిగి రావచ్చును. అంతవరకు ఒక కంటికి గుడ్డకట్టి, దినము మార్చి దినము రెండవ కంటికి మార్చినచో రెండు బొమ్మల బాధ తగ్గును. ప్రిజమ్ అద్దములును సాయపడును. రెప్ప మూతపడనివారు వైద్యుడిచ్చిన చుక్కలు వేసికొని, రాత్రి రెప్పను మూసి మెత్తని పట్టీ అంటించుకొనవలెను. లేనిచో నల్లగ్రుడ్డు ఎండి పుండగును. ఆరు నెలలు దాటినను మెల్ల నిలిచిపోయినచో శస్త్రచికిత్సను ఆలోచింతురు.

మన ఆయుర్వేదమునకు ఈ ఘట్టమున స్థానము కలదు. బలహీనపడిన కాలుచేతులకు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువైన అభ్యంగము, మ్రింగుట కుదిరిన తరువాత తేలికగ జీర్ణమగు ఆహారము, వేళకు నిద్ర రోగికి హాయినిచ్చును. ముక్కులో వేయు నస్యము, తలకు ఆవిరి మాత్రము ఆసుపత్రి వైద్యుని అనుమతి లేక చేయరాదు. అక్కడిచ్చిన బిళ్ళలను మూలికల కొరకు మానరాదు. మూలికలు తీసికొనుచున్నచో ఆ సంగతి డాక్టరుకు దాచరాదు.

అన్నిటికంటె మేలైనది నివారణ. ముప్పది దాటినవారు ఏటేట రక్తపోటు, చక్కెర చూపించుకొనవలెను. బీడీ, గుట్కా, గుడుంబా మానవలెను. పచ్చళ్ళలో ఉప్పు తగ్గింపవలెను. రక్తపోటు బిళ్ళ మొదలుపెట్టినవారు 'ఇప్పుడు బాగున్నది గదా' అని ఆపరాదు.

ఈ వ్యాసము నుండి ఒక్క మాటనైనను గుర్తుంచుకొనుడు. ఒక కన్ను మూయగానే రెండు ఒక్కటైనచో, అది నేడే మొదలైనదైనచో, రోగిని కూర్చుండబెట్టి మందు నూరకుడు, బండి పిలువుడు.